సున్నాల పుస్తకం

ఫిబ్రవరి 9

ఇవాళ్టి నుంచి నా దగ్గర రెండు పుస్తకాలు. మొదటిది ఆసుపత్రివాళ్లు ఇచ్చింది. పచ్చ అట్ట, రోజుకో పేజీ, పేజీకి పద్నాలుగు గళ్లు. తలనొప్పి, వాంతి, చూపు మసక, మాట తడబాటు, చేతుల్లో కాళ్లలో తేడా, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యాలి. వారానికోసారి ఇంట్లో ఉండే మనిషి ఎవరైనా కింద సాక్షి సంతకం పెట్టాలి. రెండోది ఇది. వీధి మూల స్టేషనరీ కొట్లో నేనే కొనుక్కున్నాను. దీన్ని చదివేది నేనొక్కణ్ణే కాబట్టి ఇందులో ఏమైనా రాసుకోవచ్చు. పచ్చదాంట్లో మాత్రం నిజమే రాయాలని ఫారాలమ్మ చెప్పింది.

ఫారాలమ్మ అంటే ఈ కొత్త వైద్యం తాలూకు కాగితాలన్నీ చూసే నర్సు. పేరు బిళ్ల తగిలించుకునే ఉంది. కానీ ముప్ఫై ఆరు పేజీల ఒప్పుకోలు ఫారం ముందు పెట్టి, పేజీపేజీకీ సంతకం పెట్టించిన మనిషిని ఇంకో పేరుతో పిలవబుద్ధి కాలేదు.

"మొత్తం చదివారా?" అంది.

"అక్షరం వదల్లేదమ్మా" అన్నాను. నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతే. మిగతా చదువంతా కోర్టు వరండాలో, బస్సుల్లో, పాత పుస్తకాల కొట్టు మెట్ల మీద. అలా చదివినవాడికి ఏ కాగితం కనపడినా వదిలిపెట్టే అలవాటు ఉండదు.

ఇరవై రెండో పేజీ దాకా చదివాను. అక్కడ ఆగాను. "తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించిన పక్షంలో చికిత్సను నిలిపివేయవచ్చును" అని ఉంది.

ఫిబ్రవరి 10

పెద్ద డాక్టరు గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. నా తలలో కుడి చెవికి పైన నిమ్మకాయంత గడ్డ ఉంది. పోయిన ఏడు సగానికి పైగా కోసి తీశారు. మిగిలింది మళ్లీ పెరుగుతోంది. ఇంకోసారి కోస్తే దానితో పాటు నేను కూడా కొంత పోతానట.

"మూలకణాలకి ఒక గుణం ఉందండీ. గడ్డ ఎక్కడుందో వాటంతటవే వెతుక్కుంటూ పోతాయి. మేం వాటిలో ఒక జన్యువు పెట్టి పంపిస్తాం. అవి వెళ్లి గడ్డ పక్కన చేరతాయి. రెండ్రోజులయ్యాక మీరు మాత్రలు మింగుతారు. ఆ మాత్ర ఒంట్లో ఇంకెక్కడా పెద్దగా ఏమీ చెయ్యదు. ఈ కణాలున్న చోట మాత్రం విషంగా మారి గడ్డని చంపుతుంది."

"అంటే సమన్లు పంపిస్తున్నారన్నమాట" అన్నాను.

డాక్టరు చేతిలో ఎర్రలైటు గోడ మీద ఆగిపోయింది. "మీరేం పని చేసేవారు?"

"ముప్ఫై నాలుగేళ్లు కోర్టు సమన్లు అందించానండీ. ఫలానా తారీఖున హాజరు కావాలని కాగితం పట్టుకెళ్లి, మనిషి ఎక్కడ దాక్కుంటే అక్కడికి వెళ్లి చేతిలో పెట్టి రావడం."

ఆయన మొహం వెలిగిపోయింది. పదకొండేళ్లుగా ఈ మూలకణాలని జనానికి ఎలా చెప్పాలా అని తన్నుకులాడుతున్నారట. తపాలా మనిషి అని చూశారు, సైనికుడు అని చూశారు, ఏదీ అతకలేదు. తపాలా మనిషి తలుపు తియ్యకపోతే వెళ్లిపోతాడు, సైనికుడు పక్కింటిని కూడా పేలుస్తాడు. సమన్లవాడు మాత్రం ఆ మనిషినే పట్టుకుంటాడు.

ఇక్కడ దాక్కోవడం గురించి రెండు ముక్కలు రాయాలి. జనం మంచం కింద దాక్కుంటారనుకుంటాం. మంచం కింద దాక్కునేది పిల్లలే. పెద్దవాళ్లు తలుపు తీసి, ఎదురుగా నిలబడి, "ఆయన ఊళ్లో లేడండీ" అంటారు. ఆ మాటన్నవాడి కాళ్లు చూడాలి. ఇంటివాడు తన గడప మీద నిలబడే తీరు వేరు, అతిథి నిలబడే తీరు వేరు. ఈ ఒక్క కిటుకుతో నేను మూడొందల మందిని పట్టాను. ఒకాయన మాత్రం బీరువా పైన పడుకున్నాడు. కింద నిలబడి, "దిగేటప్పుడు జాగ్రత్త, స్టూలు ఊగుతోంది" అన్నాను. దిగి, సంతకం పెట్టి, మంచినీళ్లిచ్చాడు.

ఫిబ్రవరి 12

బామ్మర్ది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఇరవై ఏళ్లుగా పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కీ తొక్కీ, ఇప్పుడు సోఫాలో కూర్చున్నా ఎదుటి మనిషి కాస్త వేగంగా మాట్లాడితే కుడికాలు నేలకేసి నొక్కుతాడు.

"బావా, ఆ కణాలు ఎవరివి?"

"ఎవరో ఎప్పుడో ఇచ్చారట. ల్యాబులో పెంచుకుంటూ వస్తున్నారట."

"ఆడమనిషివా, మగమనిషివా?"

"నేనడగలేదు."

"అడక్కపోతే ఎలా? రేపు నీకు ఉన్నట్టుండి పాట పాడాలనిపిస్తుంది. ఎవరి పూచీ?"

"పాడితే పాడనీరా. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపరంలో ఒక్క పాట వినలేదు" అంది మా ఆవిడ, చేతిలో పని ఆపకుండా.

భోజనం చేశాక కంచం నేనే కడుక్కున్నాను. బామ్మర్ది అక్క చెవి దగ్గర వంగి, "ఇంకా ఎక్కించకముందే పనిచేస్తున్నాయే" అన్నాడు. నాకు వినపడాలనే.

ఫిబ్రవరి 16

తలకి చిన్న బెజ్జం వేసి, గడ్డ పక్కదాకా సన్నని గొట్టం దింపి, దాని పై కొసన చొక్కా బొత్తాంలాంటిది చర్మం కింద పెట్టారు. ఇక కణాలు ఎక్కించాలన్నప్పుడల్లా ఆ బొత్తాంలో సూది గుచ్చితే చాలు. ఇవాళే మొదటిసారి ఎక్కించారు. ఇరవై నిమిషాలు. నేనేదో జరుగుతుందని కళ్లు మూసుకుని కాచుకున్నాను. ఏమీ జరగలేదు. ముప్ఫై నాలుగేళ్లు నేను వెళ్లినప్పుడు ఎదుటివాడికి ఎలా ఉండేదో తెలియలేదు గానీ, కాగితం ప్రయాణిస్తున్నప్పుడు ఎవరికీ ఏమీ ఉండదన్నది నిజం.

ఫిబ్రవరి 18

మాత్రలు మొదలు. ఏడు రోజులు. పచ్చ పుస్తకంలో పద్నాలుగు సున్నాలు. హడావుడిగా గిలికినట్టు కాకుండా గుండ్రంగా వేశాను.

ఫిబ్రవరి 20

పద్నాలుగు సున్నాలు.

ఫిబ్రవరి 21

పొద్దున గ్లాసు జారింది. గ్లాసు నునుపు.

పద్నాలుగు సున్నాలు.

ఫిబ్రవరి 22

ఇంకో గ్లాసు. ఈ రోజుల్లో గ్లాసులు చేసేవాళ్లకి పట్టుకునేవాడి చెయ్యి గురించి ఆలోచన లేదు. మా చిన్నప్పటి గ్లాసులకి గరుకు గీతలుండేవి. ఆ గీతలు ఎందుకు మానేశారో ఎవరూ చెప్పలేరు. మనిషికి పనికొచ్చేది ఏదైనా ముందు అదే మానేస్తారు.

ఎడమ చేతి రెండు వేళ్లు కాసేపు వాటంతటవే ఆడాయి. తాళం వేసినట్టుగా ఉంది. బామ్మర్ది మాట గుర్తొచ్చింది. ఆ కణాలిచ్చిన మనిషి ఏదో వాద్యం వాయించేవాడై ఉంటాడు.

పద్నాలుగు సున్నాలు.

ఫిబ్రవరి 24

మాత్రల వారం అయిపోయింది. పచ్చ పుస్తకం మా ఆవిడ ముందు పెట్టాను, సాక్షి సంతకానికి. ఏడు పేజీలూ నెమ్మదిగా తిప్పింది.

"ఇంతేనా?"

"ఇంతే."

సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టడానికి మాత్రం చాలాసేపు తీసుకుంది.

ఫిబ్రవరి 25

ఆసుపత్రిలో టైలరమ్మ పరిచయమైంది. నలభై దాటి ఉంటాయి. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నాకున్న గడ్డే ఆవిడకీ ఉంది, ఎడమవైపు. ఈ వైద్యం మెట్లు మెట్లుగా చేస్తారట. మొదటి మెట్టు మీద ముగ్గురం. నాకంటే ముందు ఇద్దరయ్యారు, వాళ్లకి ఏమీ కాలేదు. మూడోవాణ్ణి నేను. మాకు ఇచ్చిన కణాలు తక్కువ. నాకు కూడా ఏ బాధా లేదని తేలితే రెండో మెట్టు. అక్కడ మూడింతల కణాలు ఎక్కిస్తారు. ఆ మెట్టు మీద మొదటి మనిషి టైలరమ్మ.

"అంటే నా తారీఖు మీ పుస్తకం మీద ఉందన్నమాట, బాబాయ్ గారూ" అంది.

"భయపడకమ్మా. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు."

నా నెత్తి మీది బొత్తాం వంక చూసి, సంచీలోంచి టేపు తీసి, అడక్కుండానే తల కొలిచింది. "టోపీ కుట్టి ఇస్తాను. ఆ గుండు మీద ఎండ పడకూడదు."

ఫిబ్రవరి 27

పైనుంచి కమిటీ వచ్చింది. ఐదుగురు. ఈ వైద్యం ముందుకు సాగాలా వద్దా అని చూసేవాళ్లట. పెద్ద డాక్టరు గోడ మీద బొమ్మ వేశారు. నీలం రంగు కణం, భుజాన సంచీ, నెత్తిన టోపీ, చేతిలో కాగితం. కాస్త నా పోలికలున్నాయి.

"ఈయనే చెబుతారు, నాకంటే బాగా" అని నన్ను లేపారు. బీరువా మీద మనిషి కథ చెప్పాను. ఐదుగురూ నవ్వారు. ఒకామె నోటు రాసుకుంది. ముసలాయన ఒకడు నా పచ్చ పుస్తకం తిరగేసి, "ఇంత శుభ్రమైన రికార్డు నేనెప్పుడూ చూళ్లేదు" అన్నాడు. ఫారాలమ్మ పక్కనే నిలబడి, తనే పెంచిన మొక్కలా నన్ను చూసింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి, పుస్తకం ఎలా రాయాలో చూపించడానికి నాదే చూపిస్తుందట.

కోర్టులో జడ్జిగారు కూడా ఒకసారి నన్ను ఇదే మాట అన్నారు. "ఈయన రిటర్నులంత శుభ్రంగా ఎవరివీ ఉండవు" అని. రిటర్నంటే సమన్లు ఎలా అందించామో కోర్టుకి రాసిచ్చే కాగితం. ఆ మాటన్న ఏడాదే నాలుగో అంతస్తు సంగతి జరిగింది. అది ఇంకోసారి రాస్తాను.

మార్చి 2

రెండో విడత కణాలు ఎక్కించారు. టోపీ వచ్చింది. ముదురు నీలం, లోపల మెత్తని అస్తరు, బొత్తాం ఉన్నచోట మాత్రం గుంటలా కుట్టింది.

"ఎక్కడైనా తగులుతోందా? మొహమాటం లేకుండా చెప్పండి. తొడుక్కునేవాడు చెప్పకపోతే కుట్టేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా."

ఎడమ చెవి పైన కుట్టు కొద్దిగా గుచ్చుకుంటోంది. కష్టపడి కుట్టిన మనిషితో ఏమంటాం.

మార్చి 4

మాత్రలు. సున్నాలు.

మార్చి 6

మధ్యాహ్నం భోజనం దగ్గర ఎడమ చెయ్యి తాళం మొదలుపెట్టింది. ఈసారి వేళ్లే కాదు, మణికట్టు, మోచెయ్యి. గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. మా ఆవిడ పక్క గదిలో ఉంది. ఆ చేతిని కుడిచేత్తో బల్ల కింద పట్టుకుని కూర్చున్నాను, గొడవ చేస్తున్న పిల్లవాణ్ణి బస్సులో పట్టుకున్నట్టు. తర్వాత పావుగంట నోట్లోంచి సరైన మాట రాలేదు. ఉప్పు కావాలి. దాని పేరు రాలేదు. తెల్లది అన్నాను.

మా ఆవిడ ఉప్పు తెచ్చి పెట్టి వెళ్లిపోయింది.

నిజమైన వాద్యగాడైతే ఇంతసేపు ఒకే దరువు వాయించడు.

ఇరవై రెండో పేజీ ఇంకోసారి చదివాను. "నిలిపివేయవచ్చును". నా లాంటివాడికి ఇంకో వైద్యం ఏముంది? ఏమీ లేదని పోయిన ఏడే చెప్పారు. ఇదొక్కటే తలుపు. దీన్ని నా చేత్తో నేనే మూసుకోవాలట. గడికి నాలుగో, ఐదో వేస్తే ఎవరికి లాభం? కణాలకి లాభమా? అవి తమ పనిలో ఉన్నాయి. ఎడమ చెయ్యి ఒక్కటే కదా, నేను రాసేది కుడిచేత్తో.

పద్నాలుగు సున్నాలు. నాలుగోది కొంచెం వంకరగా వచ్చింది. చెరిపి మళ్లీ వేశాను.

మార్చి 7

వంటింట్లో గాజు గ్లాసులు ఒక్కటి కూడా లేవు. అన్నీ స్టీలువే. ఎందుకన్నాను. "అటకెక్కించాను" అంది. ఎందుకని మళ్లీ అడగలేదు.

మార్చి 9

టైలరమ్మకి తారీఖు ఇచ్చారు. పదహారో తారీఖు. వరండాలో పక్కన కూర్చుంది.

"బాబాయ్ గారూ, ఒక్క మాట. డాక్టర్లు చెప్పేది నాకు సగం అర్థం కాదు. మీరు చెప్పండి. నిజంగా ఏమీ కాలేదా? మా పెద్దదానికి పరీక్షలున్నాయి. చెయ్యి పోతే ఎలా అని నా బాధ. మిషను చేత్తోనే కదా తిప్పేది. తలకేమైనా అయితే దేవుడున్నాడు, చెయ్యి పోతే మాత్రం ఇల్లు గడవదు."

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. వేలి కొసల మీద సూదిపోట్ల చుక్కలు.

"ఏమీ కాలేదమ్మా" అన్నాను.

నా ఎడమ చెయ్యి ఒళ్లో ఉన్న టోపీ కింద పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు బామ్మర్ది కారు సిగ్నల్ దగ్గర ఆపి, "బావా, ఆ చెయ్యేంటి అలా పట్టుకున్నావు?" అన్నాడు. చలి అన్నాను. కారులో చెమటలు పోస్తున్నాయి.

మార్చి 10

ఏమీ రాయాలనిపించలేదు.

మార్చి 11

రెండో విడత మాత్రలు నిన్నటితో అయిపోయాయి. పచ్చ పుస్తకం మా ఆవిడ ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుంది. ఏడు పేజీలు, తొంభై ఎనిమిది సున్నాలు. ఒక్కొక్కటే చూసింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. పుస్తకం మూసి, పెన్ను దాని మీద అడ్డంగా పెట్టింది.

"నేను సంతకం పెట్టను."

"ఎందుకు?"

"చూసింది రాస్తే పెడతాను."

"ఏం చూశావు నువ్వు?"

"గ్లాసులు మూడు చూశాను. బల్ల కింద చెయ్యి చూశాను. ఉప్పు పేరు మర్చిపోయిన మనిషిని చూశాను. ఇంకా చెప్పమంటారా?"

"ఇది నా పుస్తకం. నా తల."

"సంతకం నాది. నేను టీకొట్టు ఆయన్ని కాను."

నాకు నోట మాట రాలేదు. ఇది గడ్డ పని కాదు. టీకొట్టు సంగతి ఈమెకి ఎలా తెలుసు? ఒక్క ప్రాణికి చెప్పలేదు నేను.

"ఆ రోజు పొద్దుణ్ణుంచి వాన" అంది. "కొండవీధి దాకా వెళ్లి, నాలుగంతస్తులు ఎక్కి వచ్చానన్నారు. మీ చెప్పులు పొడిగా ఉన్నాయి."

లేచి వెళ్లి పొయ్యి మీద ఏదో చూసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ చెప్పులు మనసులో పెట్టుకుని నాకు అన్నం వడ్డించింది.

మార్చి 12

సరే, నాలుగో అంతస్తు సంగతి.

సమన్లు మూడు రకాలుగా అందించవచ్చు. మనిషి చేతిలో పెట్టాలి. మనిషి లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వాలి. ఎవరూ లేకపోతే తలుపుకి అంటించి, ఇరుగుపొరుగులో ఒకరి సాక్షి సంతకం తీసుకుని, "అంటించాను" అని రిటర్ను రాయాలి. ఈ మూడోది రాసేవాడి నిజాయితీ మీద నడుస్తుంది. తలుపు కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

ఆ రోజు వాన. సైకిలు గొలుసు తెగింది. కొండవీధి ఎత్తు. పైన నాలుగో అంతస్తులో గడియారాలు బాగుచేసే ఆయన అద్దెకుంటున్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యమని ఇంటాయన వేసిన దావా. ఎలాగూ ఆయన ఇంట్లో ఉండడు, దుకాణానికి వెళ్లి ఉంటాడు, ఎలాగూ అంటించి రావడమే కదా అనుకున్నాను. టీకొట్టులో బల్ల మీద కూర్చుని "అంటించాను" అని రాశాను. టీకొట్టు ఆయన సాక్షిగా సంతకం పెట్టాడు. కాగితం మడిచి ఎక్కడో పడేశాను. ఎక్కడో కాదు, కొట్టు వెనక కాలవలో.

వాయిదాకి ఆయన రాలేదు. ఎలా వస్తాడు? ఆయన లేకుండానే ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేశారు. రెండు నెలల తర్వాత అటువైపు వెళ్తుంటే ఆయన సామాను పేవ్‌మెంటు మీద ఉంది. తోపుడు బండి నిండా గోడ గడియారాలు. అన్నీ నడుస్తున్నాయి, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ. ఆయన వాటిలో ఒకదాని ముల్లు సవరిస్తూ నిలబడ్డాడు. ఆ సమయంలో అదేం పనో నాకు అర్థం కాలేదు. అటువైపు ఉన్న దారి మళ్లీ తొక్కలేదు.

ఆ ఏడాదే జడ్జిగారు నా రిటర్నులు శుభ్రం అన్నది.

ఇప్పుడు నా తొంభై ఎనిమిది సున్నాలు చూసి, పదహారో తారీఖున టైలరమ్మ తలలోకి మూడింతలు పంపిస్తారు. ఆవిడ చేతికి ఏదైనా అయితే, అది దుష్ఫలితం అని రాస్తారు. దాన్ని ఆవిడకి అందించింది ఎవరో ఎక్కడా ఉండదు.

మార్చి 13

బామ్మర్ది కారు. నేను ముందు సీట్లో, మా ఆవిడ వెనక.

"పరీక్ష గదికి వద్దు, ముందు ఫారాలమ్మ దగ్గరికి పోనీ. పుస్తకంలో తప్పు రాశాను. చెప్పాలి" అన్నాను.

వాడు నిజంగానే బ్రేకు తొక్కాడు. వెనక బస్సువాడు హారన్ మోగించాడు. "అక్కా, ఇవి బావ మాటలు కావే. చెప్పానా, ఆ కణాలు ఎవరివో అడగమని."

"ఇవే మీ బావ మాటలు" అంది వెనక నుంచి. "ఇన్నాళ్లూ మాట్లాడిందే ఎవరో."

ఫారాలమ్మ బల్ల మీద పచ్చ పుస్తకం పెట్టాను. దాని పక్కన ఇది కూడా పెట్టాను. వెళ్లే దారిలో అనుకోలేదు. పెట్టాక చూసుకున్నాను.

"సున్నాలు అందులో ఉన్నాయి, అంకెలు ఇందులో ఉన్నాయి" అన్నాను.

కూర్చుని చదివింది. గంట పట్టింది. నేను గోడ మీది అగ్నిమాపక సూచనలు నాలుగుసార్లు చదివాను. చివరికి తల ఎత్తి, "ఫారాలమ్మ అంటే నేనేనా?" అంది.

"అవునమ్మా."

"సరే. ఈ పుస్తకం స్వచ్ఛందంగా ఇచ్చినట్టు ఇక్కడ సంతకం పెట్టండి. ఇక్కడ కూడా. తారీఖు వెయ్యండి."

పెద్ద డాక్టరు వచ్చారు. అరుస్తారనుకున్నాను. ఆయన కుర్చీ నా ముందుకి లాక్కుని నా ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూశారు.

"దీన్ని ఫిట్సు అంటారు. ఒక ఫోను చేస్తే ఆ రోజే మాత్ర ఇచ్చేవాళ్లం. ఇలాంటిది రావచ్చని మాకు తెలుసు."

"చికిత్స ఆపేస్తారని..."

"ఎవరన్నారు?"

"ఇరవై రెండో పేజీ."

"ఇరవై మూడో పేజీ చదివారా?"

ఫారాలమ్మ తిప్పి నా ముందు పెట్టింది. ఇరవై రెండో పేజీ చివరి వాక్యంతో సంగతి అయిపోలేదు. ఇరవై మూడో పేజీలో మొదటి లైను: "అయితే లక్షణాలకు తగిన మందులు ఇచ్చి, అదే మోతాదులో చికిత్సను కొనసాగించే వీలు కూడా ఉంటుంది." దాని కింద నా సంతకం, చక్కగా, అడ్డగీతతో సహా.

"సోమవారం ఆవిడకి మూడింతలు ఎక్కించబోతున్నాం" అన్నారు డాక్టరు. గొంతు తగ్గించి అన్నారు. నాకోసం తగ్గించినట్టు లేదు. "మీ బొమ్మని ఎనిమిది సభల్లో చూపించాను."

"తీసెయ్యండి."

"తియ్యను. ఇంకో బొమ్మ పక్కన పెడతాను."

మార్చి 15

నా రహస్య పుస్తకానికి ఇప్పుడు మూడు నకళ్లు. ప్రతి పేజీ మీద రబ్బరు స్టాంపు, అనుబంధం ఏడు. ఒకటి కమిటీకి, ఒకటి ఫైలుకి, ఒకటి ఇంకెవరికో. ఫారాలమ్మ నకలు మార్జిన్లలో ఎర్ర సిరాతో ప్రశ్నలు రాసింది. "గ్లాసులు మొత్తం ఎన్ని?" "తాళం వేగం ఎంత?" "తెల్లది అన్నాక ఎంతసేపటికి ఉప్పు అన్నారు?" బీరువా మనిషి కథ పక్కన మాత్రం "సంబంధం లేదు" అని రాసి, కింద పెన్సిలుతో చిన్నగా "బాగుంది" అని రాసింది.

అసలు పుస్తకం నాకు తిరిగి ఇచ్చారు. అందులోనే రాస్తున్నాను. ఇక మీదట దీన్ని చదివేది నేనొక్కణ్ణే అనడానికి లేదు.

మార్చి 19

కమిటీ మళ్లీ కూర్చుంది. రెండో మెట్టు ప్రస్తుతానికి లేదు. టైలరమ్మకి కూడా నాకిచ్చినంతే ఇస్తారు, అదీ ముందుగా ఫిట్సు మాత్ర మొదలుపెట్టాక. మెట్టు ఎక్కడం వాయిదా. ఆ ముసలాయన నన్ను చూసి, "శుభ్రమైన రికార్డు" అనబోయి ఆగిపోయాడు.

నా తలని మళ్లీ స్కాన్ చేశారు. గడ్డ పెరగలేదు, తగ్గలేదు. "మంచి వార్తేనండీ" అన్నారు డాక్టరు. కోర్టులో దీన్ని కూడా వాయిదా అనే అంటారు. వాయిదా పడ్డ కేసుల్లో కొన్ని ఇరవై ఏళ్లు నడిచాయి. అంతా ఆలోచిస్తే, ఏ తీర్పూ రానన్నాళ్లు ఇంట్లో ఉన్నవాడు ఇంట్లోనే ఉంటాడు.

నాకు చికిత్స కొనసాగుతుంది. ఫిట్సు మాత్ర చేదు. పచ్చ పుస్తకంలో చేతుల గడిలో మొట్టమొదటిసారి నాలుగు వేశాను. అంకె వేస్తుంటే చెయ్యి అలవాటుగా గుండ్రంగా తిరగబోయింది. మా ఆవిడ పక్కన నిలబడి చూసి సంతకం పెట్టింది. ఈసారి పెన్ను మూత వెంటనే పెట్టేసింది.

మార్చి 22

ఒక గాజు గ్లాసు అటక మీంచి దిగింది. ఒక్కటే. పరీక్షకి పెట్టినట్టు నా ముందు పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని తాగాను.

మార్చి 24

టైలరమ్మకి ఇవాళ మొదటి విడత. పక్క కుర్చీలో నాకు మూడో విడత. ఆవిడ తల మీద కూడా ఇప్పుడు బొత్తాం ఉంది. తన టోపీ తనే కుట్టుకుంది, ముదురు ఎరుపు.

నేను ముందే చెప్పాను. వారం కింద వరండాలో, మా ఆవిడ పక్కన నిలబడగా చెప్పాను. నా చెయ్యి గురించి, పుస్తకం గురించి, ఆవిడతో ఏమీ కాలేదమ్మా అన్నప్పుడు ఆ చెయ్యి టోపీ కింద ఉండటం గురించి. ఆవిడ లేచి వెళ్లిపోయింది. వారం రోజులు నా మొహం చూడలేదు.

ఇవాళ సూది గుచ్చేటప్పుడు ఆవిడ కుడిచెయ్యి కుర్చీ చెయ్యి మీద బిగుసుకుంది. గోడ గడియారం చూస్తోంది. ఇరవై నిమిషాలు. నేను కూడా గడియారమే చూశాను.

"టోపీ ఎడమవైపు గుచ్చుకుంటోందమ్మా" అన్నాను. "చెవి పైన. మొదటి రోజు నుంచీ."

ఆవిడ గడియారం మీంచి చూపు తిప్పింది.

"ఈ ముక్క చెప్పడానికి మూడు వారాలు పట్టిందా, బాబాయ్ గారూ?"

"ముప్ఫై ఒక్క ఏళ్లు పట్టింది" అంది మా ఆవిడ, తలుపు దగ్గర స్టూలు మీంచి.

టైలరమ్మకి అర్థం కాలేదు. అయినా టోపీ కోసం చెయ్యి చాపింది. సూది తీసేశాక సంచీలోంచి చిన్న కత్తెర తీసి, టోపీ ఒళ్లో పెట్టుకుని, అస్తరు తిరగేసి, ఒక్కో కుట్టు విప్పడం మొదలుపెట్టింది. చేతులు నిదానంగా, తిన్నగా ఉన్నాయి. నేను ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.

తిరిగి నా తలకి పెట్టింది. "ఇప్పుడెలా ఉంది?"

"కొంచెం మేలు."

"కొంచెమేనా?"

"కొంచెమే."

"అయితే ఉండండి, ఇంకోసారి విప్పుతాను" అంది.